బెల్లం తిన్న నిచ్చెన

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలోని ప్రతి సమస్యా కొలవదగినదిగానే కనిపించేది. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి కొద్ది నెలలే అయింది. చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట చిన్న టేపు ఉండేది. పెళ్లిభోజనానికి కూర్చున్నా ముందు బల్ల సమంగా ఉందో లేదో చూసేవాణ్ని. (బల్ల వంకరగా ఉందని చెప్పినందుకు ఒకసారి నాకు పప్పు వడ్డించకుండానే ముందుకు వెళ్లిపోయారు. బల్ల మాత్రం నిజంగానే వంకరగా ఉంది.) కొలిస్తే తెలియనిది లేదు, తెలిస్తే పొరపాటు జరగదు అన్నది ఆనాటి నా సిద్ధాంతం. దాన్ని నేను ఇప్పటికీ వదులుకోలేదు. ఒక చిన్న సవరణ మాత్రం చేర్చుకున్నాను. ఆ సవరణ ఒక నిచ్చెన ద్వారా వచ్చింది.

జిల్లాలు కొత్తగా ఏర్పడి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి ఊళ్లలో పెద్ద పెద్ద కట్టడాలు లేస్తున్న కాలమది. అప్పటిదాకా కిటికీ అంటే చెక్క తలుపులూ ఇనుప చువ్వలూ. ఇప్పుడు బట్టల దుకాణాలకూ, దవాఖానలకూ, ఫంక్షన్ హాళ్లకూ నిలువెత్తు అద్దాలు వచ్చాయి. వాటిని ఎవరు తుడుస్తారన్న ఆలోచన మాత్రం ప్రతి యజమానికీ అద్దాలు బిగించిన తర్వాతనే వచ్చింది. ఈ సంగతిని అందరికంటే ముందు కనిపెట్టినది మా అక్క. జనగామలో చీరల దుకాణంలో చేస్తున్న కొలువు మానేసి, మా బావను వెంటబెట్టుకుని అద్దాలు తుడిచే పని మొదలుపెట్టింది. అక్క మాట్లాడేది, బావ ఎక్కేవాడు, నేను ఆలోచించేవాణ్ని. (ఈ పని విభజన నేను చేసుకున్నది. అక్క దృష్టిలో నేను బకెట్లు మోసేవాణ్ని.)

మొదట్లో పని చిన్నదే. రంగులు వేసేవాళ్ల దగ్గర వెదురు నిచ్చెన అడిగి తెచ్చుకుని వెళ్లదీసుకునేవాళ్లం. అంతలో మహబూబాబాద్ శివారున కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాలు యజమాని అక్కను పిలిపించాడు. హాలు నడుమ తెల్లటి పాలరాతి మెట్లు. ఆ మెట్ల పక్కన, వాటితోపాటే పైకి లేచే అద్దాల గోడ. ఆయన షరతు సూటిగా ఉంది. "వెదురు నిచ్చెన ఆనిచ్చి నా గోడలు గీకద్దు, రాయి మీద మచ్చ వడద్దు. పెండ్లి ముందురోజు పొద్దుగూకేసరికి అద్దాలు తళతళ మెరవాలె. మెరిస్తే జనగామల, భూపాలపల్లిల ఉన్న నా హాళ్లు గూడ మీకే. లేకుంటే పట్నం నుంచి మనుషులను పిలిపించుకుంట."

తిరుగు బస్సులో అక్క వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటూ కూర్చుంది. తొర్రూరు దాటిన తర్వాత నావైపు తిరిగి, "తమ్మీ, కొలువు ఇడిసిపెట్టి వచ్చిన. గీ పని పోతే మళ్ల గా కౌంటర్ ముందట నిలవడి చీరలు మడతవెట్టుడే. నేను పోతప్పుడు నవ్వినోళ్లంత ఆడనే ఉన్నరు," అంది. ఆ తర్వాత నా జీవితాన్ని మలుపు తిప్పిన మాట అన్నది: "నిచ్చెన నువ్వు జూడు. సదివినోనివి."

ఎంపికను నేను ఒకే ప్రశ్నతో మొదలుపెట్టాను. మెట్ల మీద నిచ్చెన ఎలా నిలబడుతుంది? సమంగా ఉన్న నేల మీద ఏ నిచ్చెనైనా నిలబడుతుంది. అందుకు దాన్ని మెచ్చుకోవలసిన పనిలేదు. మెట్ల మీద ఒకవైపు కాళ్లు పై మెట్టునా, మరొకవైపు కాళ్లు కింది మెట్టునా ఉండాలి. అయినా ఎక్కిన మనిషి ఒరగకూడదు. వెదురు నిచ్చెనకు ఆనడానికి గోడ కావాలి; మాకు గోడే అద్దం. ఇనుప నిచ్చెన రాతిని గీరుతుంది. ఇళ్లలో ఫ్యాన్లు బిగించడానికి వాడే రెండు రెక్కల అల్యూమినియం నిచ్చెనకు కాళ్లన్నీ ఒకే పొడవు. మెట్ల మీద పెడితే మోకాళ్ల నొప్పులున్న మనిషిలా ఒకవైపు వాలిపోతుంది. నాలుగు ముక్కలుగా మడిచే నిచ్చెన ఒకటుంది. అది నిటారుగా నిలుస్తుంది, గుడారంలా విచ్చుకుంటుంది, మంచెలా వంగుతుంది. అయితే ఇన్ని విద్యలు తెలిసినా దాని కాళ్ల పొడవు విడివిడిగా మారదు. మిగిలినది ఒక్కటే రకం: నడుమ కీలు, అటూ ఇటూ రెండు రెక్కలు, ఒక్కొక్క రెక్కలో ఒకదాని మీద మరొకటి జారే రెండు చట్రాలు. లాకు లాగితే చట్రం జారుతుంది, వదిలితే బిగుసుకుంటుంది. ఒక రెక్కను పొడవుగా, మరొక రెక్కను పొట్టిగా ఉంచవచ్చు. మెట్ల కోసమే పుట్టిన నిచ్చెన.

ఈ విషయాన్ని అక్కకు అర్థమయ్యేలా చెప్పాలని చీపురు పుల్లలతో చివరి మూడు రకాల నిచ్చెనలూ, అట్టముక్కలతో మెట్లూ చేసి, వంటింటి గడప మీద ప్రదర్శించాను. అక్క పప్పు ఎనుపుతూ ఒకసారి చూసింది. "నాకు పుల్లలు సూపియ్యకు. నీ బావ కిందవడ్తడా, వడడా? గది చెప్పు."

"పడడక్కా."

"సరే మరి. రేపు దుకాణానికి పోదాం. గా పుల్లలు ఎత్తి చీపుర్ల వెట్టు."

జనగామలో ఇనుప సామాన్లు అమ్మే సేటు మంచి ఓపికగల మనిషి. ఆ ఓపిక ఎంతదాకా సాగుతుందో ఆ రోజే తేలింది. నిచ్చెన చట్రాన్ని వేలితో కొట్టి చప్పుడు విన్నాను. ప్రతి రివెట్టునూ తడిమి చూశాను. లాకును లాగి, వదిలి, మళ్లీ లాగాను. కాళ్లకున్న రబ్బరు తొడుగులు నేలకు పూర్తిగా ఆనుతున్నాయో లేదో చూడటానికి దుకాణం నేల మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూశాను. మేకులు కొనడానికి వచ్చిన వాళ్లు నన్ను దాటుకుంటూ వెళ్లారు. చివరికి సేటు గల్లా దగ్గరినుంచి లేచి వచ్చి, "తమ్మీ, నిచ్చెన గొన వచ్చినవా, పిల్లను సూడ వచ్చినవా?" అని అడిగాడు.

"పిల్లను సూసుటానికి నేను గింతసేపు వట్టలే సేటూ," అన్నాడు బావ. "జర సూసిన, చాయ్ తాగిన, సరే అన్న. అంతే."

"అందుకే గిప్పుడు నిచ్చెనలు ఎక్కుతున్నవు," అంది అక్క.

నేను నేలమీదనుంచి లేచి బావ బరువు అడిగాను. బావ చెప్పిన సంఖ్య పెళ్లినాటిది. అందుచేత బావను మేకులు తూచే కాటా మీద నిలబెట్టి, చేతికి నిండు బకెట్టు ఇచ్చి, భుజాన తడిగుడ్డలు వేసి తూచాను. "గిదేంది బామ్మర్దీ, నన్ను పత్తి బస్తా లెక్క జోకుతవా?" అని బావ వాపోయాడు గాని, వచ్చిన బరువును నిచ్చెన మీద అచ్చువేసిన పరిమితితో పోల్చి చూసేదాకా దిగనివ్వలేదు. పరిమితి ఎక్కువే ఉంది. కరెంటు తీగల దగ్గర అల్యూమినియం పనికిరాదని, ఇది లోపలి పనులకే వాడాలని అక్కకు చెప్పాను. ఆ తర్వాతే సరే అన్నాను. (ఆ ఎంపికలో ఆనాడు ఏ లోపమూ లేదు, ఈనాడూ లేదు. జరిగిన దానికి నిచ్చెన బాధ్యత వహించదు.)

ఇంటికి తెచ్చాం. బావ వాళ్లమ్మ మాతోనే ఉండేది. మేమందరం అవ్వ అని పిలిచేవాళ్లం. దంతాలపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా, అది మిక్సీ అయినా మోటారు సైకిలైనా, అవ్వ చేతి పసుపు కుంకుమ తగలనిదే వాడకానికి రాదు. "పనిముట్టు తల్లిలాంటిది. మొక్కకుంట ఎట్ల బయటికి తీస్తరు?" అన్నది. నాకు అభ్యంతరం లేదు. పైగా కొత్త నిచ్చెనను నలుగురికీ చూపాలన్న ఉత్సాహంతో దాన్ని వాకిట్లో నిలిపి, రెండు రెక్కలనూ పూర్తిగా పొడవు చేసి, గుడారంలా విప్పి పెట్టాను. అంతటితో ఆగితే బాగుండేది. అవ్వకు యంత్రం గురించి వివరించాను.

"అవ్వా, దీని పానమంత గీ లాకులల్లనే ఉంటది. గివి నోరు గట్టిగ మూసి పట్టుకుంటేనే బావ పైన నిలుస్తడు."

అవ్వ దగ్గరికి వచ్చి, లాకుల రంధ్రాలలోకి ఒక్కొక్కదాన్నే తొంగిచూసింది. "గియ్యేనా బిడ్డా నోర్లు?"

"గివే అవ్వా."

"నా కొడుకును పట్టుకునే నోర్లు ఉత్తగ ఉండద్దు," అని లోపలికి వెళ్లి, బెల్లంలో పసుపూ బియ్యప్పిండీ కలిపి ముద్ద చేసి తెచ్చింది. కాళ్ల దగ్గరి లాకులకూ, పైన కీలు దగ్గరి లాకులకూ, పసిపిల్లలకు పెట్టినట్టు బొటనవేలితో నొక్కి నొక్కి తినిపించింది. "కడుపు నిండితె గట్టిగ వట్టుకుంటది," అన్నది. మెట్టుమెట్టుకూ పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొసకు ఎర్రటి రవికె గుడ్డ చుట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. "పని మొదలువెట్టేదాక గివేవీ ఇప్పద్దు," అని ఆజ్ఞ. పనిముట్టు పట్ల ఇంత గౌరవం చూసి నేను లోలోపల పొంగిపోయాను.

తెల్లవారి చూస్తే మా నిచ్చెనను అందరికంటే ముందు ఎక్కినవి చీమలు. బారులు తీరి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. నా ఎంపిక వాటికీ నచ్చినట్టుంది. సామాన్లకని అద్దెకు తెచ్చిన ట్రాలీ బండిలో వేయడానికి మడవబోతే లాకు కదలలేదు. రెండోదీ కదలలేదు. రాత్రంతా ఆరి బెల్లం రాయిలా గడ్డకట్టింది. అవ్వ అన్న మాట అక్షరాలా నిజమైంది: కడుపు నిండింది, గట్టిగా పట్టుకుంది. ఎన్నో రూపాలు ధరించగల నిచ్చెన ఒకే రూపంలో, వాకిలి నిండా కాళ్లు చాపుకుని నిలబడిపోయింది.

బిగుసుకున్నదానికి నూనె అన్నది నా చదువు. కుట్టుమిషను నూనె వేశాను. కొబ్బరినూనె వేశాను. బావ సుత్తి తెస్తే వద్దన్నాను. అక్క చెంబుతో నీళ్లు తెస్తే మరీ గట్టిగా వద్దన్నాను. "లోపల స్ప్రింగులు ఉక్కువి అక్కా. నీళ్లు తగిలితే తుప్పు వడ్తయి. దాని కాయితంల రాసే ఉంది." అక్క చెంబు పక్కన పెట్టి, గోడ గడియారం వైపు చూసింది. ఆ చూపు నాకు సుత్తిదెబ్బకంటే బలంగా తగిలింది. పెళ్లి మరునాడే. పొద్దుగూకేలోగా అద్దాలు మెరవాలి.

"ఉన్నదున్నట్టె తీస్కపోదాం. దారిల ఆలోచిస్త," అన్నాను ధైర్యంగా.

ట్రాలీ మీద నిచ్చెనను విచ్చుకున్న రూపంలోనే నిలబెట్టి, నాలుగు వైపులా తాళ్లతో బిగించాం. సబ్బు డబ్బాలూ, గుడ్డలూ, మూతలు బిగించిన నీళ్ల డబ్బాలూ దాని కాళ్ల మధ్య సర్దాం. బావ నడుపుతున్నాడు, అక్క పక్కన కూర్చుంది, నేను వెనక నిచ్చెన పట్టుకుని నిలబడి లాకులను నూనెగుడ్డతో రుద్దుతున్నాను. తొర్రూరు నుంచి నేరుగా వెళ్లే దారిలో రోడ్డు పని సాగుతుండటంతో దంతాలపల్లి, మరిపెడ మీదుగా తిరిగి, కురవి దారి పట్టాం. వెనుకనుంచి వచ్చే వాళ్లు మమ్మల్ని దాటకుండా నెమ్మదిస్తున్నారు. కొందరు చేతులెత్తి మొక్కుతున్నారు. మా ప్రాంతపు మర్యాద అనుకున్నాను.

కురవిలో జాతర. శివరాత్రి వెళ్లినా సందడి తగ్గలేదు. వీరభద్రస్వామి జాతరకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభ బండ్లు వస్తాయి: బండి మీద వెదురు చట్రాన్ని కొస తేలేలా నిలబెట్టి, గుడ్డలు చుట్టి, పూలు కట్టి, పసుపు కుంకుమలతో గుడి చుట్టూ తిప్పుతారు. ఇప్పుడు మా ట్రాలీని ఒకసారి ఊహించుకోండి. పాఠకులు ఊహించినదాన్నే, అడ్డంగా ఎర్రగుడ్డ ఊపుతూ నిలబడ్డ జాతర కార్యకర్త కూడా ఊహించాడు.

"ప్రభలన్ని గిటు! గిటు తిప్పాలె!"

బావ తల బయటపెట్టి, "అన్నా, గిది ప్రభ కాదే. నిచ్చెన," అన్నాడు.

"నిచ్చెనకు పసుపు కుంకుమ ఎవలు వెడ్తరే? రవికె గుడ్డ ఎవలు కడ్తరు? పోనియ్, పోనియ్, ఎనుక బండ్లు ఆగినయి."

నేను పైనుంచి వంగి, సాంకేతికంగా వివరించడం మంచిదనుకున్నాను. "అన్నా, గిది మల్టీ పొజిషన్ నిచ్చెన. మెట్ల మీద..."

"ఏ పొజిషన్ అయినా గుడి చుట్టు తిరగాలె!"

తిరిగాం. ముందు ప్రభ, వెనక ప్రభ, నడుమ మేము, డప్పులు మోగుతున్నాయి. పక్కనుంచి ఎవరో ఏ ఊరి ప్రభ అని అడిగారు. బావ, ఎందుకో గాని కాస్త గర్వంగానే, "జనగామ," అన్నాడు. "జనగామ కాడికెల్లి వచ్చిందట!" అన్న మాట జనంలో పాకింది. "గీసారి కొత్త తీరు జేసిండ్రు. అల్మినియం ప్రభ," అని ఒకాయన మెచ్చుకున్నాడు. ఆ గందరగోళంలోనూ నా ఎంపికకు అది మొదటి ప్రశంస. అక్క మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొద్దు వైపు చూస్తోంది. నవ్వుతోందో ఏడుస్తోందో పైనుంచి నాకు తెలియలేదు. ఎండ నెత్తికెక్కుతోంది, అక్క వదిలి వచ్చిన కౌంటరు నా కళ్లముందు కదలాడింది.

అసలు పరీక్ష ఇళ్ల మధ్యనుంచి వెళ్లేటప్పుడు ఎదురైంది. దేవుని బండి ఇంటి ముందుకు వస్తే అరుగుల మీద నిలబడ్డ ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తున్నారు. మొదటి బిందె నిచ్చెన కొస మీదనుంచి కిందికి జలపాతంలా దిగింది. నేను రెండు చేతులతో కీలును కౌగిలించుకుని, "లాకులు అవ్వా, లాకులు! నీళ్లు తగలద్దు!" అని అరిచాను.

అరుగు మీది ముసలమ్మ నన్ను చీపురుపుల్లలా తీసిపారేసింది. "దేవుని నీళ్లకు అడ్డమొస్తవేంది కొడుకా? జరుగు! నీ మీద గూడ పోస్త, నీ తల గూడ సల్లవడ్తది." పోసింది కూడా. తర్వాతి అరుగు మీదనుంచి ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. బిందె వెంట బిందె, పసుపు నీళ్లు నా చొక్కా మీదుగా, జేబులోని టేపు మీదుగా, ఉక్కు స్ప్రింగుల మీదుగా కారుతున్నాయి. నా నూనెంతా కొట్టుకుపోయింది.

గుడి ముందుకు వచ్చేసరికి నా చేతుల కింద 'టక్' మని ఒక చప్పుడు. పొద్దుటినుంచి నేను వినాలని తపించిన చప్పుడు. పొద్దుట నేను వెనక్కి లాగి తాడుతో బిగించి ఉంచిన ముందువైపు కాళ్ల లాకులు తెరుచుకున్నాయి. ఆ రెక్క జర్రున జారి పొట్టిదయింది. పూలదండతో, నిమ్మకాయలతో, కౌగిలించుకుని ఉన్న నాతో సహా, నిచ్చెన గుడివైపు మెల్లగా వంగింది.

ఒక్క క్షణం డప్పులు ఆగిపోయాయి. "దండం వెట్టింది! జనగామ ప్రభ సామికి దండం వెట్టింది!" అని ఎవరో కేకవేశారు. జనమంతా చేతులు జోడించారు. కొబ్బరికాయలు పగిలాయి. నేనూ వంగిన భంగిమలోనే చేతులు జోడించాను; వేరే మర్యాద ఏదీ తోచలేదు. ఎర్రగుడ్డ కార్యకర్త కన్నీళ్లు తుడుచుకుంటూ వచ్చి, "గింతకంటె ఏం గావాలె? ఇగ పోండ్రి," అని తానే ముందు నడిచి జనాన్ని తప్పించి, మహబూబాబాద్ దారి పట్టించాడు.

ఊరు దాటాక బావ బండి ఆపాడు. నేను ఒక్కొక్క లాకూ లాగి చూశాను. అన్నీ వెన్నలా కదిలాయి. అక్క దిగి వచ్చి ట్రాలీలోని డబ్బాల వంక చూపిస్తూ చాలా నెమ్మదిగా అడిగింది:

"తమ్మీ, గీ డబ్బాలల్ల ఏమున్నయిరా?"

"నీళ్లక్కా."

"పొద్దటి సంది?"

"...పొద్దటి సందే అక్కా."

"బెల్లం దేంట్ల కరుగుతదిరా?"

నేను తడి చొక్కా అంచు పిండుకున్నాను. బావ స్టీరింగు మీద తల ఆనించి, హారను మోగుతున్నా లేవకుండా నవ్వుతున్నాడు. అక్క నా తడి తల మీద తన కొంగు వేసి, "ఎక్కు. ఇంక పొద్దున్నది," అంది.

హాలులో ఆ నిచ్చెనను పాలరాతి మెట్ల మీద నేనే నిలబెట్టాను. మీది రెక్క పొట్టిగా, కింది రెక్క పొడవుగా, రబ్బరు కాళ్లు రాతికి నిండుగా ఆనేలా. లాకులు 'టక్' మన్నాయి. చేతితో ఊపి చూశాను, కదలలేదు. అవ్వ మాట ప్రకారం అప్పుడు దండలు విప్పాం. బావ బకెట్టుతో ఎక్కాడు. అట్టమెట్ల మీద నా పుల్లల నిచ్చెన ఎలా నిలిచిందో సరిగ్గా అలాగే నిలిచింది. అక్క కింద నిలబడి కొస మెట్టు మీది బావను చూస్తూ రెండు చేతులతో నిచ్చెన కాలు పట్టుకుంది. మొదటి అద్దం మెరిశాక వదిలింది. పొద్దు అద్దాల గోడ మీద ఎర్రగా వాలేసరికి యజమాని వచ్చాడు. ఇలాంటి నిచ్చెననే ఎందుకు ఎంచుకున్నామో వివరించడానికి గొంతు సవరించుకున్నాను. ఆయన అద్దాలు చూశాడు, రాయి చూశాడు. ఆ తర్వాత నిచ్చెన కొసన మిగిలిన పసుపు మరకను చూశాడు.

"పూజ జేసి తెచ్చిండ్రా?"

"కురవి గుడి చుట్టు గూడ తిరిగొచ్చింది," అంది అక్క, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

"పెండ్లింటికి అచ్చొచ్చే సామాను," అన్నాడాయన. "భూపాలపల్లి హాలు ఎప్పుడు సూస్తరు?" నా వివరణ గొంతులోనే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అక్క మళ్లీ ఆ కౌంటరు దగ్గరికి వెళ్లలేదు. భూపాలపల్లి పనులు ఇప్పుడు నేనే చూస్తున్నాను. నిచ్చెనలు చాలా కొన్నాం. ప్రతిదాన్నీ ఇవాళ్టికీ దుకాణం నేల మీద బోర్లా పడుకునే ఎంపిక చేస్తాను. అవ్వ ఉన్నంతకాలం ప్రతి కొత్త నిచ్చెనకూ బెల్లం తినిపించింది. నేను ఒక్కసారీ వద్దనలేదు. పనికి పంపే ముందు చెంబుడు నీళ్లు పోసేవాణ్ని. ఆ తర్వాత లాకు మీద వేలు రాసి నాలుకకు తాకించి చూసేవాణ్ని: తియ్యగా లేకపోతేనే బండి ఎక్కేది. నా సిద్ధాంతానికి చేర్చిన సవరణ అదే. కొలత తర్వాత రుచి కూడా చూడాలి.

ఆ మొదటి నిచ్చెనకు ఇప్పుడు విశ్రాంతి. జనగామ ఇంట్లో మెట్ల కింద మడిచి ఉంది. మొన్న వెళ్లినప్పుడు ఎవరూ చూడకుండా దాని లాకు మీద వేలు రాసి నాలుకకు తాకించుకున్నాను. శుభ్రంగా, చల్లగా, ఉత్త లోహపు రుచి. తడిసి ముద్దయి, కురవి ఇళ్ల మధ్య నిచ్చెనను కౌగిలించుకుని "నీళ్లు తగలద్దు" అని అరిచిన ఆ కుర్రవాడు గుర్తుకొచ్చి నవ్వుకున్నాను. లాకు శుభ్రంగా ఉన్నందుకు నేను నిరాశపడటం మాత్రం అదే మొదటిసారి.